దిద్దుబాటు వేళకు శిల్పగ్రంథం: కవిశిక్ష నుండి ‘కథాశిల్పం’ వరకు ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

రచనాశిల్పాన్ని గురించిన గ్రంథాలను విమర్శకుడు ఒక విధంగా, రచయిత మరొక విధంగా చదువుతారు. విమర్శకుడికి అవి ఇతరుల రచనలను కొలిచే ప్రమాణాలు. రచయితకు అవి తన రచనలో తడబాటు ఎక్కడుందో గుర్తించే సాధనాలు. రాజశేఖరుని ‘కావ్యమీమాంస’, క్షేమేంద్రుని ‘కవికంఠాభరణం’, హెన్రీ జేమ్స్ వ్యాసం, పీఠికలు, తెలుగులో ‘అప్పకవీయం’, వల్లంపాటి వెంకటసుబ్బయ్య ‘కథాశిల్పం’ ఆధారంగా ఈ రెండో పఠనపద్ధతిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. శిల్పగ్రంథం రచనారంభంలో కంటే పునఃపరిశీలనలో ఎక్కువగా ఉపకరిస్తుందని, ఆ క్రమం తారుమారైనప్పుడు శిక్షణ శాసనంగా మారుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కవిశిక్ష, పాకం, దృష్టికోణం, పునఃపరిశీలన, కథాశిల్పం, సృజనాత్మక రచనాబోధన.

1. ఉపోద్ఘాతం

కవిత్వం నేర్పితే వచ్చేదా అనే ప్రశ్న భారతీయ అలంకారశాస్త్రంలో చాలా పాతది. గురూపదేశంతో మందబుద్ధి సైతం శాస్త్రం చదవగలడని, కావ్యం మాత్రం ప్రతిభావంతుడికే సిద్ధిస్తుందని భామహుడు భావించాడు. దండి కొంత ఉదారంగా ఆలోచించాడు. సహజప్రతిభ లేకపోయినా శాస్త్రపరిచయంతో, పట్టువిడువని ప్రయత్నంతో ఉపాసిస్తే వాగ్దేవి ఎంతో కొంత అనుగ్రహిస్తుందని ఆయన నమ్మకం. మమ్మటుడు శక్తి, నిపుణత, అభ్యాసం అనే మూడింటినీ కలిపి ఒకే కావ్యహేతువుగా నిరూపించాడు. ఆ అభ్యాసం కావ్యమెరిగినవారి శిక్షణలో సాగాలన్నాడు.

ఈ చర్చ అంతా రచనను నేర్పవచ్చునా అన్న ప్రశ్న చుట్టూ తిరిగింది. ఎప్పుడు నేర్పాలి, రచయిత ఏ దశలో శిక్షాగ్రంథాన్ని చేతిలోకి తీసుకోవాలి అన్నవి అంతగా చర్చకు రాని ప్రశ్నలు. నేటి తెలుగు సాహిత్యబోధనకు ఈ రెండో ప్రశ్నే ముఖ్యం. సృజనాత్మక రచన ఇప్పుడు ఒక పాఠ్యాంశం. కథా కార్యశాలలు జరుగుతున్నాయి. ఒక్క కథ కూడా రాయని విద్యార్థికి మొదటి తరగతిలోనే ఎత్తుగడ, సంఘర్షణ, దృష్టికోణం, ముగింపు అనే పట్టిక అందుతోంది. అతడు రాసిన తొలిప్రతిని అదే పట్టికతో మూల్యాంకనం చేయడమూ జరుగుతోంది. ఈ పద్ధతికి శిక్షాగ్రంథాల సంప్రదాయంలోనే ఆధారం ఉందా అని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ‘కావ్యమీమాంస’: నాలుగో జాము

9వ శతాబ్ది చివర, 10వ శతాబ్ది ఆరంభంలో జీవించిన రాజశేఖరుడు శాస్త్రకారుడు మాత్రమే కాడు. ‘కర్పూరమంజరి’, ‘బాలరామాయణం’ వంటి రూపకాలు రచించినవాడు. అందువల్ల ‘కావ్యమీమాంస’లో రచన చేసేవాడి ఇబ్బందులు తెలిసిన గొంతు వినిపిస్తుంది. 18 అధికరణాలుగా సంకల్పించిన ఈ గ్రంథంలో నేడు లభిస్తున్నది ‘కవిరహస్యం’ అనే మొదటి అధికరణం మాత్రమే. కవి ఇల్లు, పరివారం, రాతసామగ్రి, దినచర్య సైతం అందులో శాస్త్రవిషయాలయ్యాయి.

ఆ దినచర్యలో పగలు నాలుగు జాములుగా విభక్తమైంది. మొదటి జాము విద్యాభ్యాసానికి, రెండోది కావ్యరచనకు, భోజనానంతరం వచ్చే మూడోది కావ్యగోష్ఠికి. నాలుగో జాములో కవి ఒంటరిగానో, కొద్దిమంది ఆప్తుల నడుమనో కూర్చుని ఉదయం రాసినదాన్ని పరీక్షించుకోవాలి. దీనికి రాజశేఖరుడు చెప్పిన కారణం గమనింపదగినది. రసావేశంతో రాస్తున్నవాడికి ఆ సమయంలో వివేచనాదృష్టి పనిచేయదు. కనుక ఆవేశం చల్లారిన తరువాతే పరీక్ష జరగాలి. ఆ పరీక్షలో చేయవలసిన పనులనూ ఆయన నాలుగుగా నిర్దేశించాడు: ఎక్కువైనదాన్ని తీసివేయడం, తక్కువైనదాన్ని పూరించడం, చోటు తప్పినదాన్ని మార్చడం, మరచినదాన్ని గుర్తు తెచ్చుకోవడం.

ఇక్కడ రెండు విషయాలు స్పష్టమవుతున్నాయి. మొదటిది, శాస్త్రపఠనానికీ రచనకూ రాజశేఖరుడు వేర్వేరు జాములు కేటాయించాడు. చదివినది రచనలోకి సంస్కారంగా ప్రవహించాలి కాని, రాస్తున్న చేతికి అడ్డు రాకూడదు. రెండోది, రచయితలోని విమర్శకుడికి ఆయన ప్రత్యేకంగా ఒక సమయాన్నిచ్చాడు. కారయిత్రి, భావయిత్రి అని ప్రతిభను రెండుగా విభజించిన శాస్త్రకారుడు, ఆ రెండూ ఒకే వ్యక్తిలో ఎలా సహజీవనం చేయాలో దినచర్య ద్వారా సూచించాడు. రచయితకు మధ్యాహ్నానికి ముందు అక్కరలేని శిల్పవిచారం సాయంకాలానికి అవసరమవుతుంది.

3. పాకం: వదలవలసినదీ దిద్దవలసినదీ

పునఃపరిశీలనకు రాజశేఖరుడు ఇచ్చిన ప్రాధాన్యం పాకచర్చలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. తెలుగు విమర్శలో ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అనే మాటలు సాధారణంగా అర్థం సులభంగా అందుతుందా, శ్రమిస్తేనే అందుతుందా అనే భేదాన్ని తెలుపుతాయి. ‘కావ్యమీమాంస’లోని వర్గీకరణకు ఆధారం వేరు. రచన మొదట్లో ఎలాంటి రుచినిస్తుంది, చివరికి ఎలాంటి రుచి మిగులుస్తుంది అన్నదే అక్కడి కొలత. మొదలు రుచించనివి వేప, రేగు, ద్రాక్ష. మొదలు మధ్యస్థంగా ఉండేవి వంకాయ, చింత, మామిడి. మొదలు మధురంగా ఉండేవి పోక, దోస, కొబ్బరి. ప్రతి త్రయంలోనూ మొదటిది చివరికి చెడుతుంది, రెండోది మధ్యస్థంగా మిగులుతుంది, మూడోది మధురంగా ముగుస్తుంది.

ఈ పట్టిక కేవలం వర్గీకరణగా ఆగిపోలేదు. ప్రతి త్రయంలోనూ మొదటిది త్యాజ్యమని, మధ్యది సంస్కారయోగ్యమని, చివరిది గ్రాహ్యమని రాజశేఖరుడు నిర్ణయించాడు. అంటే రచయిత తన చేతిలోని ప్రతిని చూసి వేసుకోవలసిన ప్రశ్న ఇక్కడ సిద్ధంగా ఉంది: దీన్ని వదిలేయాలా, దిద్దాలా, ఉంచాలా? ఎంత సొగసుగా మొదలైనా పోకలా ముగిసే రచనను వదులుకోవలసిందే. వగరుగా మొదలైనా ద్రాక్షలా ముగిసేదాన్ని నిలుపుకోవాలి. ఆరంభవాక్యం పాఠకుడిని కట్టిపడేయాలన్న నియమాన్నే పదే పదే బోధించే నేటి శిక్షణకు ఇది ఆలోచింపజేసే అంశం.

ఇదే సందర్భంలో రాజశేఖరుడు తన భార్య అవంతిసుందరి అభిప్రాయాన్ని ఉదాహరించాడు. పదాలు ఇక మార్పును సహించని స్థితికి చేరడమే పాకమని వామనుని అనుయాయుల మతం. అది పాకం కాదు, అశక్తి అని అవంతిసుందరి ఖండించింది. మహాకవులు ఒకే విషయాన్ని అనేక విధాల చెప్పగలరు, ఆ విధాలన్నీ పరిపక్వంగానే ఉంటాయి, కనుక రసానికి తగిన కూర్పే పాకం అన్నది ఆమె తర్కం. తన వాక్యాన్ని కదిలించడానికి ఇష్టపడని రచయితకు ఇంతకంటే సూటి హెచ్చరిక ఉండదు. మారదు అనుకున్న వాక్యం నిజంగా పండిందా, లేక దాన్ని మార్చే శక్తి రచయితకు చాలలేదా? దిద్దుకొనే ప్రతి రచయితా ఎదుర్కొనే సంశయమిది.

4. క్షేమేంద్రుని ముగ్గురు శిష్యులు

11వ శతాబ్దికి చెందిన కాశ్మీరకవి క్షేమేంద్రుడు ‘కవికంఠాభరణం’లో శిష్యులను అల్పప్రయత్నసాధ్యుడు, కృచ్ఛ్రసాధ్యుడు, అసాధ్యుడు అని మూడు తెగలుగా విభజించాడు. మొదటివాడు సాహిత్యవేత్తల దగ్గర వింటూ, శుష్కతార్కికులకూ వైయాకరణులకూ దూరంగా ఉండాలి. రెండోవాడు కాళిదాసు రచనలన్నీ చదవాలి. అర్థంతో పనిలేని పదాలతో ఛందస్సును అలవరచుకోవాలి. పాత శ్లోకాల్లో పదాలు మార్చి మార్చి కూర్చాలి. మూడోవాడికి ఎంత నేర్పినా ఫలితం ఉండదు. స్వభావరీత్యా రాయిలాంటివాడే కాక, వ్యాకరణంతో చెడినవాడు, తర్కంతో మాడినవాడు కూడా ఈ తెగలోనే చేరడం విశేషం. శాస్త్రాన్ని అకాలంలో, అతిగా సేవిస్తే రచనాశక్తి దెబ్బతింటుందన్న ఎరుక ఒక శిక్షాగ్రంథంలోనే ఉందన్నమాట.

క్షేమేంద్రుడు చెప్పిన నూరు శిక్షల్లో గ్రంథపఠనంతోపాటు పాటలు వినడం, నాటకాలు చూడడం, లోకాచారాన్ని, ప్రాణుల స్వభావాన్ని గమనించడం వంటివి ఉన్నాయి. గ్రంథవిభజనలో కూడా కవిత్వప్రాప్తి, శిక్ష, చమత్కృతి అనే భాగాల తరువాతే గుణదోషవిచారం వస్తుంది. చేయించవలసిన అభ్యాసం ముందు, ఎంచవలసిన దోషం తరువాత. రాజశేఖరుని దినచర్యలో కనిపించిన క్రమం ఇక్కడ గ్రంథనిర్మాణంలో కనిపిస్తోంది.

5. హెన్రీ జేమ్స్: పీఠికలు సూత్రాలైన వైనం

ఆధునిక కథాశిల్పచర్చలో తెలుగువారు విరివిగా వాడే ‘దృష్టికోణం’ అనే భావనకు ఆంగ్లనవలావిమర్శతో సంబంధం ఉంది. అందువల్ల ఆ చరిత్రలోని ఒక ఘట్టాన్ని ఇక్కడ గుర్తుచేసుకోవడం అవసరం. 1884లో వాల్టర్ బెసంట్ కల్పనాసాహిత్యకళపై లండన్‌లో ఉపన్యసించాడు. నవలారచనకు చిత్రకళకూ సంగీతానికీ ఉన్నట్లే బోధించదగిన నియమాలున్నాయని వాదించాడు. అనుభవంలో లేనిదాన్ని రాయరాదన్న నియమానికి ఉదాహరణగా, ప్రశాంతమైన పల్లెలో పెరిగిన యువతి సైనికశిబిర జీవితాన్ని వర్ణించరాదన్నాడు.

అదే ఏడాది హెన్రీ జేమ్స్ అదే శీర్షికతో రాసిన వ్యాసంలో దీనికి సమాధానమిచ్చాడు. నియమాలను ఆయన పూర్తిగా తోసిపుచ్చలేదు. అవి సూచనప్రాయంగా బాగున్నాయి గాని, రచయిత చేతిలోని సందర్భానికి అన్వయించే సరికి వాటి కచ్చితత్వం నిలవదన్నాడు. చూచాయగా కనిపించినదాని నుంచి కనిపించనిదాన్ని ఊహించగల శక్తి ఉన్న యువతికి సైనికశిబిరం అందరానిదేమీ కాదన్నాడు. ఒక రచయిత శిల్పనియమాలను చదివే తీరుకు ఇది మంచి నిదర్శనం. నియమం సరైనదా కాదా అన్న దగ్గర ఆయన ఆగలేదు. అది ఎవరి చేతిలో ఎలా పనిచేస్తుందని అడిగాడు.

జేమ్స్ శిల్పవిచారం పరిపక్వమైనది ఆయన పీఠికల్లో. 1907, 1909 సంవత్సరాల మధ్య వెలువడిన న్యూయార్క్ ఎడిషన్ కోసం తన నవలలను తిరిగి చదివి, దిద్ది, వాటికి ఆయన పీఠికలు రాశాడు. ఒక పాత్ర చైతన్యం ద్వారా కథను చూపడం, సన్నివేశానికీ సారాంశకథనానికీ ఉన్న భేదం వంటి ఆలోచనలు ఆ పునఃపఠనంలో రూపుకట్టాయి. 1921లో పెర్సీ లబ్బక్ వాటిని ఒక వ్యవస్థగా తీర్చాడు. 1927లో ఇ. ఎం. ఫార్‌స్టర్ మళ్ళీ నవలాకారుడిగా దానికి అభ్యంతరం తెలిపాడు. దృష్టికోణం నియతంగా లేకపోయినా పాఠకుడిని నమ్మించగలగడమే అసలు శక్తి అంటూ డికెన్స్ ‘బ్లీక్ హౌస్’ను చూపాడు. దిద్దుబాటులో పుట్టిన జ్ఞానం సూత్రం కావడం, ఆ సూత్రాన్ని మరో రచయిత తిరిగి ప్రశ్నించడం ఈ చరిత్రలోని వరుస.

6. తెలుగులో లక్షణం నుండి శిల్పానికి

తెలుగు లక్షణగ్రంథాల్లో ఛందస్సుకూ వ్యాకరణానికీ దక్కిన విస్తృతి కవి పనివిధానానికి దక్కలేదు. ‘కవిజనాశ్రయం’ మొదలుకొని 1656 నాటి కాకునూరి అప్పకవి ‘అప్పకవీయం’ దాకా ఇది ప్రధానధోరణి. లక్షణకర్తలు పూర్వకవుల ప్రయోగాలను సేకరించి, వాటి నుంచి లక్షణాన్ని నిర్ధారించారు. ఆ కృషి విలువ తగ్గించలేనిది. అయితే ప్రయోగం నుంచి పుట్టిన లక్షణం క్రమంగా ప్రయోగానికి శాసనమైంది. యతిప్రాసల సాధుత్వం పండితవివాదాలకు కేంద్రమై, కవి ఏం చెప్పాడన్నది వెనుకబడిన సందర్భాలు తెలుగు విమర్శచరిత్రకు కొత్త కావు. జేమ్స్ పీఠికలు లబ్బక్ చేతిలో పొందిన పరిణామానికీ దీనికీ పోలిక ఉంది. రెండు చోట్లా నియమానికి జన్మనిచ్చిన సందర్భం మరుగునపడి నియమమే మిగిలింది.

ఆధునిక కాలంలో ఈ స్థానాన్ని శిల్పగ్రంథం ఆక్రమించింది. వల్లంపాటి వెంకటసుబ్బయ్య ‘నవలాశిల్పం’, ‘కథాశిల్పం’ ఈ రంగంలో ప్రామాణికాలుగా నిలిచాయి. ‘కథాశిల్పం’ 1999 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. పాశ్చాత్యవిమర్శలోని భావనలను తెలుగు కథల ఉదాహరణలతో, తెలుగు పరిభాషలో చర్చించడం వల్లంపాటి చేసిన ముఖ్యమైన పని. వస్తువుకూ శిల్పానికీ ఉన్న సంబంధాన్ని ఆయన విడదీయలేదు. అయినా పరిశోధనల్లో ఈ గ్రంథం తరచుగా అధ్యాయాల మూసగా మారుతోంది. ఏ కథకుడినైనా తీసుకుని వస్తువు, పాత్రలు, నేపథ్యం, దృష్టికోణం, శైలి అని వరుసగా నింపుతూ పోవడం పరిపాటి అయింది. గ్రంథంలో లేని శాసనత్వాన్ని దాని పాఠకులు దానికి ఆపాదిస్తున్నారు.

రచయిత దీన్ని ఎలా చదవగలడో ఊహించడానికి ఒక సందర్భం చాలు. పదేళ్ళ పిల్ల నోట చెప్పించిన కథలో తండ్రి చేసిన అప్పు, వడ్డీ లెక్కలు, ప్రామిసరీ నోటు గడువు వివరంగా వచ్చాయనుకుందాం. రాస్తున్నప్పుడు ఇది రచయితకు కనిపించదు. అతడి మనసు తండ్రి దుఃఖం మీద ఉంటుంది. తిరిగి చదివినప్పుడు ఏదో అతకలేదనిపిస్తుంది. అది ఏమిటో తెలియదు. ‘దృష్టికోణం’ అన్న మాట అక్కడ దీపంలా పనిచేస్తుంది. పిల్లకు తెలియగల దానిని కథనం దాటిపోయిందని చూపుతుంది. తరువాత ఏం చేయాలో మాత్రం చెప్పదు. కథకురాలిని మార్చవచ్చు. పెద్దల మాటలు పిల్ల చెవిన పడేలా చేయవచ్చు. పిల్లకు అర్థం కాకుండానే పాఠకుడికి అర్థమయ్యేలా మలచవచ్చు. నిర్ణయం రచయితదే.

మహమ్మద్ ఖదీర్‌బాబు కథారచనపై వెలువరించిన గ్రంథం పేరు ‘కథలు ఇలా కూడా రాస్తారు’. ఆ పేరులోని ‘కూడా’ ఈ సందర్భంలో గమనింపదగినది. ఇంకో విధంగానూ రాయవచ్చునన్న అంగీకారం ఆ ఒక్క మాటలో ఉంది.

7. లక్ష్యపరిశీలన: ‘కన్యాశుల్కం’, ‘యజ్ఞం’

పునఃపరిశీలన రచనను ఎంత దూరం తీసుకుపోగలదో చెప్పడానికి తెలుగులో ‘కన్యాశుల్కం’ కంటే మంచి ఉదాహరణ అరుదు. 1892లో తొలిసారి ప్రదర్శితమైన ఈ నాటకం 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని సమూలంగా తిరగరాసి ప్రకటించాడు. జేమ్స్ తన నవలలను దిద్దుకొన్న కాలమే ఇది కావడం యాదృచ్ఛికం. తొలికూర్పులో పరిమితంగా ఉన్న మధురవాణి పాత్ర రెండో కూర్పులో నాటకగతిని నడిపించే స్థాయికి పెరిగింది. రాజశేఖరుని నాలుగు పనుల పరిభాషలో చెబితే ఇది న్యూనపూరణం. అయితే ఆ న్యూనత ఏ లక్షణగ్రంథమూ చూపగలిగినది కాదు. సంస్కరణనాటకంగా తొలికూర్పు తన ప్రయోజనాన్ని నెరవేర్చింది. అందులో ఇంకా పలకవలసిన మనిషి ఉందని గుర్తించడం గురజాడ తన రచనను తానే చదువుకొన్న తీరులోంచి వచ్చింది.

కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ దీనికి మరో కోణం. కథానికకు ఏకాగ్రప్రభావం ఉండాలని, ఒక్క బైఠక్కులో చదవగలగాలని ఎడ్గార్ ఎలన్ పో 1842లో హాథార్న్ కథలను సమీక్షిస్తూ ప్రతిపాదించాడు. తరువాతి శిల్పగ్రంథాల్లో అది సంక్షిప్తతానియమంగా స్థిరపడింది. ఆ నియమంతో మాత్రమే చూస్తే ‘యజ్ఞం’ దోషభూయిష్ఠంగా తోస్తుంది. దీర్ఘమైన పంచాయతీ, ఊరి ఆర్థికచరిత్ర, అనేకుల వాదప్రతివాదాలు కథను ఆక్రమించుకున్నాయి. కాని చివర సీతారాముడు తన కొడుకును తానే నరికే ఘటనకు బలం ఆ దీర్ఘత్వం నుంచే వచ్చింది. ధర్మబద్ధంగా, ఓర్పుగా, అందరి సమ్మతితో సాగినట్లు కనిపించే తీర్పు ఒక కుటుంబాన్ని తరతరాల వెట్టికి ఎలా నెడుతుందో పాఠకుడు ఆ సుదీర్ఘసభలో కూర్చుంటేనే తెలుస్తుంది. సభను కుదిస్తే ముగింపు కేవలం దిగ్భ్రాంతిగా మిగిలేది. ఆ ముగింపుపై విమర్శకుల్లో చాలాకాలం చర్చ సాగింది. ఆ చర్చ ఎటు తేలినా, కథ నిడివిని దోషంగా ఎంచే సూత్రం ఇక్కడ సరిపోదన్నది స్పష్టం. లక్ష్యమే లక్షణాన్ని దిద్దిన సందర్భమిది.

ఈ కథకుడే 1997లో శ్రీకాకుళంలో ‘కథానిలయం’ నెలకొల్పాడు. కథలకే అంకితమైన ఆ గ్రంథాలయాన్ని క్షేమేంద్రుడు చెప్పిన పరిచయానికి ఆధునికరూపంగా భావించవచ్చు. సూత్రాల పట్టిక కంటే ముందు వందల కథల సాంగత్యం రచయితకు అవసరమన్న విశ్వాసం దాని వెనుక కనిపిస్తుంది.

8. బోధనకు సంబంధించిన పర్యవసానం

రాజశేఖరుడు చెప్పిన పది కవ్యవస్థల్లో ‘హృదయకవి’, ‘అన్యాపదేశి’ అనేవి ఉన్నాయి. మొదటివాడు మనసులోనే రచించి దాచుకుంటాడు. రెండోవాడు దోషభయంతో తన కవితను మరొకరిదని చెప్పి వినిపిస్తాడు. ఈ ఇద్దరినీ శాస్త్రకారుడు ఎగతాళి చేయలేదు. మహాకవిత్వం వైపు సాగే దారిలో వారిని మెట్లుగా గుర్తించాడు. తరగతిగదిలో ఈ ఇద్దరూ నేటికీ ఉన్నారు. నోటుపుస్తకం చివరి పేజీల్లో రాసుకుని ఎవరికీ చూపనివారు, మిత్రుడు రాశాడంటూ అధ్యాపకుడికి కవిత చూపేవారు అక్కడ కొత్త కాదు. వీరి తొలిప్రతిని పది మార్కుల పట్టికతో తూచడమంటే నాలుగో జాము పనిని రెండో జాములో చేయడమే. వారిలో దోషభయం పెరుగుతుంది. కొందరు పట్టికకు తగిన, ప్రాణంలేని కథ రాయడం నేర్చుకుంటారు. కొందరు రాయడమే మానుకుంటారు.

శిల్పబోధన అనవసరమని దీని అర్థం కాదు. సహజప్రతిభ పేరుతో దిద్దుబాటును తప్పించుకోవడం కూడా తెలుగునాట తక్కువేమీ కాదు. దానికి విరుగుడు శిల్పగ్రంథమే. మార్చవలసింది క్రమాన్ని. విద్యార్థి మొదట విస్తృతంగా చదవాలి. తరువాత స్వేచ్ఛగా రాయాలి. కొంత వ్యవధి గడిచాక, తన ప్రతిని ముందుంచుకుని శిల్పగ్రంథాన్ని తెరవాలి. మూల్యాంకనం తొలిప్రతికి కాక, తొలిప్రతికీ దిద్దిన ప్రతికీ నడుమ అతడు చేసిన ప్రయాణానికి జరగాలి. ఏది తీశాడు, ఏది చేర్చాడు, ఎందుకు మార్చాడు అన్న వివరణ అతడి భావయిత్రి ప్రతిభకు కొలమానం అవుతుంది.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. ‘కావ్యమీమాంస’, ‘కవికంఠాభరణం’ రెండూ శిక్షణకు స్థానమిస్తూనే రచనాసమయాన్నీ పరీక్షాసమయాన్నీ, అభ్యాసాన్నీ దోషవిచారాన్నీ వేరుచేశాయి.

2. పాకవిభజన రచయితకు త్యాగం, సంస్కారం, స్వీకారం అనే మూడు నిర్ణయాలను అందించే పునఃపరిశీలనాసాధనం. అవంతిసుందరి వాదం ఆ పరిశీలనను రచయిత శక్తి వైపు తిప్పుతుంది.

3. జేమ్స్ పీఠికల చరిత్ర, తెలుగు లక్షణగ్రంథాల చరిత్ర ఒకే పరిణామాన్ని చూపుతున్నాయి. సందర్భం నుంచి పుట్టిన నియమం సందర్భాన్ని కోల్పోయినప్పుడు శాసనమవుతుంది.

4. ‘కన్యాశుల్కం’ రెండో కూర్పు పునఃపరిశీలన సృజనాత్మకతను, ‘యజ్ఞం’ లక్ష్యం లక్షణాన్ని దిద్దగల శక్తిని నిరూపిస్తున్నాయి.

5. సృజనాత్మక రచనాబోధనలో శిల్పగ్రంథం ప్రవేశించవలసిన చోటు విద్యార్థి తొలిప్రతి పూర్తయిన తరువాత.

గురజాడ 1910లో ప్రకటించిన కథ పేరు ‘దిద్దుబాటు’. ఆధునిక తెలుగు కథ చర్చలో మొదట వినిపించే పేర్లలో అదొకటి. ఆ కథలో దిద్దుకోవలసినవాడు భర్త. ఆ మాటను కథకుడికీ, కథను బోధించేవాడికీ, కథను కొలిచేవాడికీ అన్వయించుకోవలసిన అవసరం నేడు ఉంది.